‘మీరు జరుగుండ్రి, నేను జూస్కుంట’: సటీకా తాత్పర్యం

మూలం

మీరు జరుగుండ్రి, నేను జూస్కుంట.

అవతారిక

బొమ్మల కథల వీరుడు గట్టి దెబ్బ తినబోయే ముందు పలికే వాక్యం ఇది. కర్త ఎవరో తెలియదు. ఏ ఒక్క పుస్తకంలోదీ కాదు, ఇంచుమించు అన్నిటిలోనూ ఉంది. ఈ టీకకు ఆధారంగా తీసుకున్నది కార్వాన్ పాఠం. పురానాపుల్ నుంచి గోల్కొండ వైపు పోయే దారిలో ఉన్న ఈ పేటలో ఈ వాక్యం పుస్తకాల్లో కంటే వీధిలోనే ఎక్కువ వినిపిస్తుంది. మొరాయించిన ఆటో ముందు, కాలిపోయిన ఫ్యూజు ముందు, పెళ్లి డేరా గుంజ దగ్గర, ఇద్దరి తగాదా మధ్యలో ఎవరో ఒకరు చొక్కా చేతులు పైకి మడిచి దీన్ని పలుకుతారు. పలికిన తరువాత ఆటో కదిలిన సందర్భాలు ఉన్నాయి గానీ తక్కువ.

ఇంత చిన్న వాక్యానికి ఇంత టీక ఎందుకంటే, పెద్ద కావ్యాలకు మల్లినాథసూరి ఉన్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడిది మెదక్ సీమలోని కొల్చారం. మూలంలో లేనిదేదీ రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీక ఆ నియమాన్ని చేతనైనంత వరకే పాటిస్తుంది.

పాఠాంతరాలు

కోస్తా ప్రతుల్లో ‘మీరెళ్ళండి, నే చూసుకుంటా’ అని ఉంది. దక్కనీ ప్రతిలో ‘తుమ్ లోగాఁ హటో, మైఁ దేఖ్ లేతుఁ’. అర్థం ఒకటే అనిపించినా కోస్తా పాఠం త్యాజ్యం. అందులో వీరుడు జనాన్ని ఇళ్లకు పంపేస్తున్నాడు. కార్వాన్ పాఠంలో పంపడం లేదు, పక్కకు మాత్రమే జరుపుతున్నాడు. చేయి వేయడానికి ఎవరూ ఉండకూడదు, చూడటానికి మాత్రం అందరూ ఉండాలి. వీరుడి మనసు ఈ పాఠంలోనే సరిగ్గా పట్టుబడుతుంది గనక ఇదే గ్రాహ్యం. దక్కనీ ‘హటో’ కూడా దీనికే దగ్గర.

ప్రతిపదార్థం

మీరు = సాయం చేయగలవారైన మీరందరూ; జరుగుండ్రి = పక్కకు తప్పుకోండి; నేను = నేనొక్కణ్ణే; జూస్కుంట = ఈ సంగతి తేలుస్తాను. ఇది పైపై అర్థం. ఒక్కో పదంలోనూ వీరుడికి తెలియకుండా ఇంకొకటి దాగి ఉంది.

‘మీరు’. తెలుగులో ఈ మాట రెండు పనులు చేస్తుంది. ఒక పెద్దమనిషిని గౌరవిస్తుంది, లేదా పదిమందిని లెక్కిస్తుంది. ఇక్కడ గౌరవార్థం పొసగదు, ఎవరినీ గౌరవించే ఉద్దేశం వీరుడికి లేదు గనక. కాబట్టి ఇది సంఖ్యార్థకం, పక్కన పదిమంది ఉన్నారని స్వయంగా వీరుడే ఇచ్చిన వాంగ్మూలం. బ్యాట్‌మన్‌నే తీసుకుంటే, 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ల చేతుల్లో పుట్టిన ఆ వీరుణ్ణి లోకం ఒంటరివాడనే అంటుంది. కానీ ఇంట్లో వంటా వైద్యమూ పెద్దరికమూ తానే చూసే ఆల్‌ఫ్రెడ్ ఉన్నాడు. పోలీసుశాఖలో గోర్డన్ ఉన్నాడు. పక్కనే రాబిన్ వేషంలో ఒక కుర్రవాడు ఉన్నాడు. ఇంతమంది ఉండగా ఒంటరి కావడం తేలిక కాదు, దానికి ప్రత్యేకంగా పాటుపడాలి. కార్వాన్ అనే పేరే ఈ పాటుకు ఎదురుగా నిలుస్తుంది. పారశీకంలో ఆ మాటకు బిడారు అని అర్థం. గోల్కొండ వజ్రాల బేరం నడిచిన కాలంలో సాహుకార్లూ బిడార్లూ దిగిన చోటు గనక కార్వాన్ సాహు అయింది. వజ్రాల మూట నడుముకు కట్టుకుని అడవి దారిన ఒక్కడూ బయల్దేరిన వర్తకుణ్ణి ఆ రోజుల్లో వీరుడు అనలేదు. వాడికి వేరే పేర్లు ఉండేవి. అదే పేటలో 1671లో మూసాఖాన్ కట్టించిన టోలీ మసీదుకు దమ్డీ మసీదు అని కూడా పేరు. మక్కా మసీదు పనిలో రూపాయికి ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టేదని, ఆ దమ్డీలు పోగేసి దీన్ని కట్టించాడని చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, దమ్డీ ఒంటరిగా దేనికీ కొరగాదన్న లెక్క మాత్రం నిజమే.

‘జరుగుండ్రి’. ఈ వాక్యానికి ప్రాణం ఇదే. ‘జరుగు’ అంటే పక్కకు కదలడం ఒకటి, సంభవించడం ఇంకొకటి. వీరుడు మొదటి అర్థంలో పలుకుతాడు, కథ రెండో అర్థంలో వింటుంది. వాళ్లు జరిగాక జరగాల్సింది జరుగుతుంది. ఇంత చక్కని శ్లేష యాదృచ్ఛికంగా పడిందంటే నమ్మడం కష్టం.

దీనికి లక్ష్యం 1993లో వెలువడిన ‘నైట్‌ఫాల్’ కథ. అందులో బేన్ అనే ప్రతినాయకుడు వచ్చీ రావడంతోనే కుస్తీకి దిగడు. ముందు గమనిస్తాడు. అర్ఖామ్ పిచ్చాసుపత్రి గోడలు పేల్చి, అందులో ఉన్న బ్యాట్‌మన్ పాత శత్రువులందరినీ ఊరి మీదికి వదులుతాడు. బేన్ తెలివి బాంబులో లేదు, బ్యాట్‌మన్ గురించి అతను వేసుకున్న అంచనాలో ఉంది. పారిపోయినవాళ్లను పట్టే పని నలుగురికీ పంచితే కొన్నాళ్లలో ముగిసేది. పంచడని బేన్‌కు తెలుసు. అలాగే అయింది. వీరుడు ఒక్కొక్కణ్ణే వేటాడాడు. నిద్ర లేదు, ఒంట్లో జ్వరం, కళ్ల కింద గుంటలు. సాయం వస్తానన్న రాబిన్‌ను, అంటే ఆ పేరు పెట్టుకున్న మూడోవాడు టిమ్ డ్రేక్‌ను, జరిపాడు. చివరివాణ్ణి పట్టుకుని ఇంటికి చేరేసరికి బేన్ ఇంట్లోనే కాచుకుని ఉన్నాడు. ‘బ్యాట్‌మన్’ పత్రిక 497వ సంచికలో మోకాలి మీద వేసి నడుము విరిచాడు. ఆ బొమ్మను చూసినవాళ్లు బేన్ బలాన్ని మెచ్చుకుంటారు. టీకాకారుడి దృష్టిలో బేన్ చేసింది ఆఖరి అర నిమిషం పని. మిగిలినదంతా వీరుడే చేసిపెట్టాడు.

ఆ కథలో అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటి ఉంది, పాఠకులు దాన్ని తొందరగా దాటేస్తారు. నడుము విరిగి పడుకున్నాక తన వేషం ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. చిన్ననాటి నుంచి పెంచిన డిక్ గ్రేసన్ ఉన్నాడు. అతన్ని పిలవలేదు. జాఁ పాల్ వాలీ అనే కొత్తవాడికి అప్పగించాడు. ఆ కొత్తవాడు మతి చలించి వేషానికే చెడ్డపేరు తెచ్చాడు. అంటే నడుము విరిగాక కూడా వాక్యం మారలేదు. మంచం మీద నుంచి కూడా దగ్గరివాణ్ణి జరపవచ్చునని అక్కడ తేలింది.

‘నేను’. తెలుగువాడికి ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట గనక అక్కడి వీరుడికి ఈ తేడా తెలియదనుకోవచ్చు. కార్వాన్ వీరుడికి ఆ సాకు లేదు. దక్కనీలో ‘అపన్’ కూడా అతనికి అందుబాటులోనే ఉంది. మూడు మాటలు నాలుక చివర ఉండగా ఏరికోరి ‘నేను’ వాడాడంటే అది పొరపాటు కాదు, ఎంపిక.

అలంకారశాస్త్రం అహంకారాన్ని పూర్తిగా నిషేధించలేదన్నది గమనించాలి. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన ‘దశరూపకం’ ధీరోదాత్త నాయకుడికి చెప్పిన లక్షణాల్లో నిగూఢాహంకారం ఒకటి. అహంకారం ఉండొచ్చు, వినయం చాటున కనబడకుండా ఉండాలి. ముసుగు వీరుడు ఈ లక్షణాన్ని తిరగేసి చదివినట్టున్నాడు. అహంకారాన్ని దాచమంటే ముఖాన్ని దాచాడు.

ఈ ‘నేను’కు మూలపురుషుడు రావణుడు. బ్రహ్మ వరమిస్తానంటే దేవతలు, దానవులు, యక్షులు, నాగులు, అందరి పేర్లూ చెప్పి వాళ్ల చేతిలో చావు లేకుండా అడిగాడు. మనుషులను అడగలేదు. మరచిపోయి కాదు, గడ్డిపోచల్లాంటివాళ్లు, చెప్పడం దండగ అనుకున్నాడు. ఆ ఖాళీలోంచే రాముడు వచ్చాడు. బలహీనత వీరుడి ఒంట్లో పుట్టుకతో ఉండే లోపమని సామాన్య పాఠకుడి నమ్మకం. రావణుడి సంగతిలో అది లోపం కాదు, అతను స్వయంగా కొలిచి వదిలిన జాగా. తరువాత వినదగిన మాట చెప్పిన తమ్ముణ్ణి కూడా జరిపాడు. జరిగిన విభీషణుడు తిన్నగా అవతలి ఒడ్డుకు చేరాడు. లంక గుట్టు అక్కడికి చేరడానికి వేరే వేగులవాడి అవసరం లేకపోయింది.

‘జూస్కుంట’. చూచు ధాతువు మీద ‘కొను’ చేరింది. వ్యాకరణంలో ‘కొను’ ఆత్మార్థకం. చేసే పని ఫలం చేసేవాడికే చెందుతుందని అర్థం. వండటం వేరు, వండుకోవడం వేరు. కాబట్టి ‘చూసుకుంట’ అన్నప్పుడు వీరుడి ఉద్దేశం పని చక్కబెడతానని, వ్యాకరణం చెప్పేది మాత్రం తనను తాను చూసుకుంటానని. అద్దం ముందు నిలబడేవాడు కూడా చూసుకుంటాడు. రెండర్థాల్లో కథ ఎప్పుడూ రెండోదాన్నే నిజం చేస్తుంది. ఈ క్రియ ఎప్పుడూ భవిష్యత్తులోనే దొరుకుతుందన్నది మరొక విశేషం. ‘నేను జూస్కున్న’ అన్న భూతకాల ప్రయోగం ఎక్కడైనా వినబడితే అది ఇతరులు చేసిన పని గురించే.

ఇక్కడ వజ్రం ప్రస్తావన తప్పదు, పేట అలాంటిది. వజ్రాన్ని మించిన గట్టి రాయి లేదు. అయినా దాని లోపల నాలుగు దిక్కుల్లో చీలికతలాలు ఉంటాయి. సరైన తలం మీద సరిగ్గా ఒక దెబ్బ పడితే రెండుగా విడిపోతుంది. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రాల పని తెలిసినవాడు రాయిని చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు వెతికేది ఆ తలం కోసమే. బేన్ కూడా చేసింది అదే పని.

ఆక్షేపాలు, సమాధానాలు

అభిమన్యుడు పద్మవ్యూహంలో ఒంటరిగా చనిపోలేదా, అతన్ని కూడా ఈ వాక్యం కిందికే తేవాలా అని ఒక ఆక్షేపం. తేకూడదు. లోపలికి పోవడమే తెలుసు, బయటికి రావడం తెలియదని అతను ముందే ఒప్పుకున్నాడు. వెనకాలే వస్తామని పెదనాన్నలు మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుపడి వాళ్లను రానివ్వలేదు. ఒంటరివాణ్ణి చేయబడటం, ఒంటరితనాన్ని కోరుకోవడం ఒకటి కావు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత లోపలివాడే గోల్కొండ తలుపు తీసినప్పుడు, మొగల్ సైన్యానికి ఎదురు నిలిచి ఒళ్లంతా గాయాలతో పడిపోయిన అబ్దుర్ రజాక్ లారీని కూడా ఈ లెక్కలోకి తీసుకోకూడదు. పక్కవాళ్లను అతను జరపలేదు, వాళ్లే అమ్ముడుపోయారు.

సూపర్‌మన్‌కు ఉన్నది రాయి దోషం, గర్వంతో పని ఏమిటన్నది రెండో ఆక్షేపం. ఇది కొంత బలమైనదే. 1938లో పుట్టిన ఆ వీరుడికి క్రిప్టోనైట్ మొదట 1943లో రేడియో కథలో, 1949లో బొమ్మల్లో వచ్చి చేరింది. చచ్చిపోయిన అతని సొంత గ్రహం క్రిప్టాన్ ముక్క అది. ఎక్కడి వజ్రాయుధమూ చేయలేని పని పుట్టింటి రాయి చేస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న తెలుగువాడికి ఇది కొత్త సంగతి కాదు. అయినా ఆ వీరుడు ఉత్తర ధ్రువపు మంచులో ఒక కోట కట్టుకుని దానికి ఏకాంతం పేరే పెట్టుకున్నాడన్నది మరిచిపోకూడదు. గోల్కొండ లాగా కోట కట్టడం శత్రువు కోసం. స్నేహితులు రాకుండా కోట కట్టడం శిల్పశాస్త్రంలో ఎక్కడా చెప్పని పద్ధతి.

మూడోది, జాగ్రత్తపడటం గర్వమెలా అవుతుందన్నది. బ్యాట్‌మన్ తన తోటి వీరులు ఎప్పుడైనా దారి తప్పితే వాళ్లను ఎలా పడగొట్టాలో ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. 2000లో మార్క్ వెయిడ్ రాసిన ‘టవర్ ఆఫ్ బేబెల్’ కథలో ఆ కాగితాలు శత్రువు రాస్ అల్ గూల్ చేతికి పోయాయి. జాబితా సిద్ధంగా ఉంది, అమలు చేయడమే మిగిలింది. ఆ తరువాత తోటివాళ్లు ఓటు వేసి అతన్ని తమ సంఘంలోంచి పంపించారు. ఆ జాబితా రాయడం జాగ్రత్తే. పక్కవాణ్ణి ఒక్క మాటైనా అడగకపోవడమే తప్పు. అడిగి ఉంటే అందులో తన పేరు కూడా ఉండాలని ఎవరో ఒకరు గుర్తు చేసేవారు.

ప్రత్యుదాహరణం

వేషం వేసుకున్న వీరుడు తప్పనిసరిగా ఒంటరివాడు కావాలన్న నియమం లేదనడానికి కార్వాన్‌లోనే దృష్టాంతం ఉంది. ఆషాఢంలో గోల్కొండ జగదంబకు మొదటి బోనం ఎత్తాక, సికింద్రాబాద్ మీదుగా పండుగ పాతబస్తీకి వస్తుంది. అప్పుడు కార్వాన్ దర్బార్ మైసమ్మ గుడి దారుల్లో ఫలహారం బండి ముందు పోతరాజు కనిపిస్తాడు. ఒంటినిండా పసుపు, నుదుట కుంకుమ, కట్టిన ఎర్రబట్ట, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. అమెరికా చిత్రకారుడెవరైనా చూస్తే వెంటనే ఒక సంచిక ప్రారంభించేవాడు. అహంకారంలోనూ ఏమీ తక్కువ లేదు. కళ్లు ఎర్రగా తిప్పుతాడు, కొరడా ఝుళిపిస్తాడు, ‘జరుగుండ్రి’ అని కూడా అంటాడు. అయితే అతని వెనక డప్పులున్నాయి, తీన్‌మార్ ఉంది, తూలితే పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఆ వెనక బోనాలెత్తిన ఆడవాళ్లున్నారు. పోతరాజు అమ్మకు తమ్ముడు. వరుస లేకుండా అతనికి పాత్రే లేదు. డప్పు ఆగితే పసుపు పూసుకున్న ఒక మనిషి మాత్రమే మిగులుతాడు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అతని ‘జరుగుండ్రి’కి అర్థం వేరు. వెనక అమ్మ వస్తున్నది, దారి ఇవ్వండి అని. వాక్యం రెండో సగం, ‘నేను జూస్కుంట’, అతని నోట ఎవరూ వినలేదు.

పాతబస్తీ కుస్తీ తాలీముల సంగతీ ఇంతే. దండీలు, బైఠక్‌లు ఒంటరిగా ఎన్నయినా తీయొచ్చు. జోర్ మాత్రం జోడీ లేకుండా కుదరదు. మట్టిలో రోజూ తనను కింద పడేసేవాడు ఒకడు లేకపోతే పహిల్వాన్ కండ పెరుగుతుంది, కుస్తీ రాదు. గుహలో ఒక్కడే సాధన చేసే బ్యాట్‌మన్‌కు ఏ ఉస్తాద్ అయినా మొదట ఈ లోపమే చెబుతాడు.

తెలుగువాళ్లు వీరుణ్ణి కల్పించినప్పుడు హనుమంతుడి దగ్గరికి పోవడం యాదృచ్ఛికం కాదు. తన బలం తనకే తెలియకుండా శాపం తగిలినవాడు హనుమంతుడు. జాంబవంతుడు గుర్తు చేస్తేనే సముద్రం దాటాడు. బలం ఒకరి ఒంట్లో, దాని తాళంచెవి ఇంకొకరి నోట్లో. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు క్రిప్టాన్ గ్రహంలో కూడా జరగలేదు. 2024 జనవరి 12న విడుదలైన ప్రశాంత్ వర్మ సినిమా ‘హనుమాన్’లో ఈ విషయం మీద ఒక టీకే ఉంది. అందులో ప్రతినాయకుడు మైఖేల్ చిన్నప్పటి నుంచి సూపర్ హీరో కావాలనుకుంటాడు. పుస్తకాలు చదివి, ఆ వీరులెవరికీ అమ్మానాన్నలు లేరని కనిపెట్టి, తన వాళ్లను ఇంటితో సహా కాల్చేస్తాడు. పుస్తకం చూసి సూత్రం పట్టుకున్న శిష్యుడు. ఎదురుగా ఉన్న కథానాయకుడు హనుమంతుకు మాత్రం వెనక నిలబడే అక్క ఉంది. మైఖేల్ దగ్గర డబ్బూ యంత్రాలూ అన్నీ ఉన్నాయి, ‘నువ్వు తప్పు చేస్తున్నావురా’ అనే హక్కున్నవాళ్లను మాత్రం తానే లేకుండా చేసుకున్నాడు. అమెరికా బొమ్మల కథలకు ఇంత కటువైన విమర్శ తెలుగులో మరొకటి రాలేదు. వచ్చింది సినిమాలో కావడం వల్ల విమర్శకులు దాన్ని విమర్శగా లెక్కవేయలేదు.

రసం

ఆరంభంలో వీరం, ముగింపులో కరుణం. వీధి ప్రయోగాల్లో హాస్యం. దానవీరం, దయావీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని నాలుగు చెబుతారు. ఈ వీరుడు నాలుగింట్లో దేనికీ చెందడు గనక ‘చూస్కుంట వీరం’ అని ఐదోది ఒప్పుకోవలసి వస్తుంది.

తాత్పర్యం

ఈ వాక్యంలో దోషం ‘నేను’లో ఉందని అందరూ అంటారు. లేదు. ‘నేను’ పోతరాజుకూ ఉంది, పహిల్వాన్‌కూ ఉంది. దోషం ‘జరుగుండ్రి’లో ఉంది. వీరుడు ఎక్కడ బలహీనుడో చెప్పగలిగినవాళ్లే పక్కన ఉన్నవాళ్లు. వాళ్లను జరిపితే ఆ సంగతి తెలిసినవాడు శత్రువొక్కడే మిగులుతాడు.

ఆకాంక్ష

ఒక మాట ఇంకా తీరలేదు. ‘మీరు’ అనడానికి వినేవాళ్లు కావాలి. నిజంగా ఒంటరి అయినవాడు ఈ వాక్యాన్ని పలకనే లేడు. ఈ చిక్కు టీకాకారుల కంటే ముందు వ్యాపారస్తులకు తగిలింది. బ్యాట్‌మన్ మొదలైన కొన్ని నెలలకే, మాట్లాడటానికి ఎవరూ లేని వీరుడి చేత కథ నడిపించడం రచయిత బిల్ ఫింగర్‌కు కష్టమైంది. షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్ ఉన్నట్టు ఇతనికీ ఒకడు ఉండాలనుకున్నాడు. ఏడాది తిరక్కముందే, 1940 ఏప్రిల్ నాటి ‘డిటెక్టివ్ కామిక్స్’ 38వ సంచికలో రాబిన్ వచ్చాడు.